మా పొట్టోడి ఎత్తుకు సరిపోయే వ్యాన్

పొట్టోడా, నీ పేరు ఎత్తకుండా ఈ ప్రయాణం రాయమంటోంది రా మన సరోజ కూతురు. "అవ్వా, చదివేవాళ్ళకు వ్యాన్ సంగతి కావాలి, దారి సంగతి కావాలి, ఏడుపు వద్దు" అంటుంది. సరేలే అన్నాను. కానీ నువ్వు లేకుండా ఆ వ్యాన్ ఏది, ఆ దారి ఏది? అందుకే ముందు నిన్ను పిలిచి, తరువాత వాళ్ళకు చెబుతున్నాను.

పండగ దగ్గరపడితే చాలు, మా వాళ్ళ పిల్లలు ఇంటికి వస్తారు. "అత్తా, మీరు కరగాన్ని దించకుండా నిలబడే తీసుకుపోయినారంట కదా, ఏ వ్యాన్ మాట్లాడినారు, ఎంత ఎత్తు ఉండాల?" అని అడుగుతారు. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చెప్పినా వినరు. అంతా విని, పోయి, తల తగిలే వ్యానే మాట్లాడుకుని వస్తారు. అందుకని ఒక్కసారి రాసి పెడితే అందరూ చదువుకుంటారు కదా అని కూర్చున్నాను. బడిలో నేను చదివింది అరవం, అదీ మూడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా అవ్వ నేల మీద బొగ్గుతో దిద్దించింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నన్ను పిలిచి చెప్పకండి.

తెలియనివాళ్ళకు ముందు కరగం అంటే ఏమిటో చెప్పాలి. మా ఇంటి దేవత మూలగుడి మదురై దాటి, తిరుమంగళం కూడా దాటి, నల్లరేగడి నేలలో ఉంది. మిల్లు పనికని కోయంబత్తూరు వచ్చిన మా పెద్దవాళ్ళు ఊరు వదిలారు గాని దేవతను వదల్లేదు. మూడేళ్ళకొకసారి పండగ. మొక్కు ఉన్నవాళ్ళు ఇంటి ముందు పందిరి కింద ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, చుట్టూ వేపమండలు కట్టి, పైన కొబ్బరికాయ నిలిపి తలకెత్తుకుంటారు. అదే కరగం. ఎత్తుకున్నవాళ్ళు గుడి చేరేదాకా కూర్చోకూడదు, తల వంచకూడదు, అన్నం ముట్టకూడదు. కరగం కింద పెట్టకూడదు, దాని మీద ఎండ పడకూడదు. దారిలో అది దేనికైనా తగిలి కాయ కదిలిందో, ఆ మొక్కు చెల్లదు. మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. మా తాతల కాలంలో నడిచే పోయేవారంట. నాలుగు కర్రలకు పంచె కట్టి, పైన నీడ పట్టుకుని పోయేవారంట. మిల్లు సంగు, అంటే సైరన్, ఊదేసరికి గేటు లోపల ఉండాల్సినవాళ్ళకు అన్ని రోజుల లీవు ఎవరిస్తారు? అందుకని వ్యాన్.

కొందరు తెలివైనవాళ్ళు ఉంటారు. "లారీ అయితే కప్పే ఉండదు కదా, హాయిగా నిలబడొచ్చు" అంటారు. మా ఆడబిడ్డ వాళ్ళు అట్లాగే లారీ పెట్టుకుని, పైన పంచె కట్టుకుని పోయారు. ఊరు దాటకముందే పంచె గాలికి లేచిపోయి వెనకాల వచ్చే బస్సు అద్దం మీద పరుచుకుంది. ఆ బస్సు డ్రైవర్ దిగి తిట్టిన తిట్లు ఇప్పటికీ మా ఇళ్ళలో చెప్పుకుని నవ్వుకుంటారు. కరగం మీద మాత్రం ఎండ పడనే పడింది.

మొక్కు నాది కాదు, మా పొట్టోడిది. పుట్టినప్పుడు పిడికెడు ఉన్నాడని పొట్టోడు అన్నాము. పేరు అంటుకుపోయింది, వాడు మాత్రం ఆగకుండా పెరిగాడు. సింగానల్లూరు పక్కన మా మిల్లు లైను ఇళ్ళలో వాడంత పొడుగు ఇంకెవరూ లేరు. ఏ ఇంటికి పోయినా వంగే లోపలికి రావాలి. వాళ్ళ నాయన పోయాక మిల్లులో బద్లీగా చేరాడు. బద్లీ అంటే ఎవరైనా రాకపోతేనే వీళ్ళకు పని. రోజూ పోయి గేటు దగ్గర నిలబడి, పేరు పిలుస్తారా లేదా అని చూడాలి. "నన్ను పర్మనెంట్ చేస్తే కరగం నేనొక్కడినే మోస్తాను తల్లీ, దారిలో ఎవరికీ మార్చను" అని మొక్కుకున్నాడు. పర్మనెంట్ అయ్యాడు. పండగ రాకముందే కామెర్లు వచ్చి పోయాడు. హాఫ్ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, నేను పెట్టిన అన్నం మూత కూడా తీయకుండా "లేచి తింటాను మా" అని పడుకునేవాడు, నా పిల్లలిద్దరికీ అమ్మ అంటే మా. లేచేసరికి మళ్ళీ సంగు ఊదేది.

పోయినవాడి మొక్కు తీరకుండా నిలిచిపోతే వాడికి ముందుకు దారి ఉండదంటారు మా వాళ్ళు. తల్లి బతికుంటే తల్లే తీర్చాలి. కాబట్టి కరగం నేను మోయాలి. తగలకుండా, కదలకుండా గుడి చేర్చాలి. ఆ ఒక్కటే నాకు కావలసింది. ఇక వ్యాన్ మాట.

కొలత మా ఇంట్లో అప్పటికే ఉంది. వాడు మొక్కుకున్న రోజునే సరోజ, అంటే వాడి చెల్లెలు, వాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టింది. తల మీద చెంబు, మండలు, కాయ అన్నీ పెట్టించి, తను ముక్కాలి పీట ఎక్కి, కాయ కొసకు పసుపుతో గీత గీసింది. "నువ్వు మోసేటప్పుడు వ్యాన్ వాడికి చూపించాలి కదన్నా" అంది. ఆ గీత నుంచి నేల దాకా మిల్లు నూలు దారం ఒకటి పట్టాను. పైన ఒక ముడి, కింద ఒక ముడి. దారాన్ని చుట్టి నడుముకు చెక్కుకుని బయలుదేరాను. తోడు సరోజ, మా మరిది గోవిందసామి. మిల్లులో మేస్త్రీ. మేస్త్రీలకు తెలియని సంగతి లోకంలో ఉండదు కదా, వ్యాన్ల సంగతి కూడా తనకే తెలుసన్నాడు.

మొదటి ఆదివారం గాంధీపురం పోయాము. బస్టాండు పక్కన వ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికి పోతే డ్రైవర్లు అప్పుడే టిఫిన్ తిని, పళ్ళు కుట్టుకుంటూ ఉంటారు, మాట్లాడటానికి అదే మంచి వేళ. మదురై పక్కకు పోయి మర్నాడు తిరిగి రావడానికి బాడిగ ఆరు వందలన్నారు. ఒక పిల్లవాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు వచ్చాడు.

"ఏమ్మా, ఎంతమంది?"

"పది మందిమి. ఒకరు నిలబడాల."

"సీటు ఉండాదే, నిలబడేది ఎందుకు?"

"కరగం ఉండాది నాయనా."

"అట్లనా! అయితే మోకాళ్ళ మీద నిలబడమనండి."

"నువ్వు నీ పెళ్ళిలో తాళి మోకాళ్ళ మీద నిలబడే కట్టినావా?" అన్నాను.

పక్కనున్న డ్రైవర్లంతా నవ్వారు. ఇంకొకడు ఇంకా తెలివైనవాడు. "అక్కా, కప్పుకు రంధ్రం కోసేస్తా. తల బయట పెట్టుకుని గాలి తింటా పోవచ్చు" అన్నాడు. ఎండ పడకూడదయ్యా అంటే, గొడుగు పట్టుకోమన్నాడు. మా గోవిందసామి ఒక్కో వ్యాన్ ఎక్కి నిలబడి "తగల్లేదే వదినె, తగల్లేదే" అంటాడు. వంగి చూస్తే మోకాళ్ళు మడుచుకుని నిలబడి ఉన్నాడు! తల ప్రాణం తోకకు వచ్చింది నాకు. దారం ఏ వ్యాన్‌లోనూ సగానికి మించి నిలబడలేదు, మిగతాదంతా కింద కుప్పపడింది.

రెండో ఆదివారం ఆర్.ఎస్. పురం. ఎత్తు కప్పు వ్యాన్ ఉందని ఎవరో చెప్పారు. చక్కటి మేడ, ముందు పూల కుండీలు, వ్యాన్‌కు తెరలు, లోపల పరుపు సీట్లు, పాటల పెట్టె. బాడిగ ఏడు వందలు. చెప్పులు బయట విడిచి ఎక్కమన్నాడు దాని యజమాని. సరే, గుడికి పోయినట్టే ఎక్కాము. మా గోవిందసామి ఈసారి మోకాళ్ళు చాచి నిలబడ్డాడు, తగల్లేదు. కానీ దారం నిలబడలేదు. మూరెడు దారం నేల మీద మిగిలిపోయింది.

"చాలదు" అన్నాను.

ఆయనకు ముఖం ఎర్రబడింది. "ఇంతకంటే ఎత్తు యాడ ఉండాదమ్మా? మనుషులు వస్తా ఉండారా, ఒంటెను ఎక్కిస్తా ఉండారా?" అన్నాడు.

"ఒంటె అయితే తల వంచుతాది లెండి" అని దిగిపోయాను. దిగేటప్పుడు సరోజ ఏదో చెప్పబోయి, నా చేతిలో దారాన్ని చూసి నోరు మూసుకుంది. ఎండలో బస్టాపుకు నడుస్తూ గోవిందసామి పరుపు సీట్ల గురించి, పాటల పెట్టె గురించి చెబుతూనే ఉన్నాడు. పండగ ఇంకో రెండు వారాల్లో ఉంది. ఈ మనిషికి పాటలు కావాలి!

మూడో ఆదివారం పొల్లాచ్చి. అక్కడ ఎండుకొబ్బరి వ్యాపారం చేసే కుప్పణ్ణ అనే మా తెలుగాయన దగ్గర మూటలు తోలే వ్యాన్ ఒకటి ఉందని తెలిసింది. బస్సులో గంటన్నర. సంత రోజు కాబట్టి బస్సులో మనుషులకంటే కోళ్ళు ఎక్కువ. కొబ్బరి మండీల వెనక సందులో ఉంది ఆ వ్యాన్. చూస్తే బీరువాకు చక్రాలు పెట్టినట్టు ఉంది. వెనక రెండు తలుపులు కింద నుంచి పైదాకా తెరుచుకుంటాయి. కిటికీలు చిన్నవి, పైన ఉన్నాయి. కుప్పణ్ణ మా ముగ్గురినీ చూసి లేవనైనా లేవలేదు.

"తాయీ, ముందే చెప్తా ఉండాను. కప్పు ఎత్తు చేయించింది మూటల కోసం, మనుషుల కోసం కాదు. సీట్లు లేవు. వాసన వస్తాది. దారిలో ముక్కు మూసుకుని నన్ను తిట్టగూడదు. బాడిగ ఎనిమిది వందలు, ఒక రూపాయి తగ్గించను."

"తగ్గించమని ఎవురు అడిగినారు? దారం పెట్టి చూడనీ."

సరోజ లోపల ఎక్కి, మూట మీద నిలబడి, పై ముడి కప్పుకు పట్టింది. కింద ముడి నేలకు తాకింది. పైన ఇంకా రెండు వేళ్ళ సందు మిగిలింది. నేను కొబ్బరి మూట మీద కూలబడ్డాను. మూడు వారాలుగా ఆ దారం ఎక్కడా పూర్తిగా నిలబడలేదు. ఇప్పుడు నిటారుగా నిలబడింది.

కుప్పణ్ణ అప్పుడు లేచి వచ్చాడు. "దారం నిలబడితే చాలునా? మోసే మనిషి నిలబడాల. ఆయన్ని ఎక్కమనండి, చూస్తాను."

"మోసేది నేనే" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. దారాన్ని కిందనుంచి పైకి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "నీ తల మీద ఇంకో చిన్న పిల్లను నిలబెట్టినా ఈ దారం అంత ఉండవే తాయీ! ఈ కొలత ఎవురిది?"

నేను దారం వంక చూస్తూ కూర్చున్నాను. నిజంగా అప్పటిదాకా నాకు తోచలేదు. మోసేది నేనని తెలుసు. కరగం అంటే మాత్రం గోడ మీద పసుపు గీతే నా కళ్ళలో ఉంది. ఆ గీత కింద వాడే ఉన్నాడు. ఆ చోట నన్ను నిలబెట్టి చూసుకోవాలని ఒక్కనాడు కూడా అనిపించలేదు.

గోవిందసామి తల పట్టుకున్నాడు. "వదినె! ఇది మన పొట్టోడి కొలత కదా! అయ్యయ్యో, నీ ఎత్తుకు ఆ ఆర్.ఎస్. పురం వ్యానే చాలును కదా! నాలుగు వేళ్ళు మిగిలేది కూడా. పరుపు సీట్లు!"

నేను సరోజ వైపు తిరిగాను. "నీకు తెలుసునా?"

"ఆర్.ఎస్. పురంలోనే తెలిసింది మా."

"తెలిసి ఎందుకు చెప్పలేదే? నా కాళ్ళు అరిగిపోయినాయి కదే! కోళ్ళ మధ్య నిలబడి పొల్లాచ్చి దాకా వచ్చినాను కదే!"

"చెప్తే నువ్వు దారం కత్తిరిస్తావు కదా మా" అంది అది. నా ముఖం చూడకుండా, పై ముడిని వదలకుండా అంది.

కింద ముడి నా చేతిలోకి తీసుకున్నాను.

గోవిందసామి ఆగలేదు. ఇప్పుడే తిరిగి పోదాము, సాయంత్రానికి ఆ వ్యాన్ మాట్లాడేద్దాము, నూరు రూపాయలు మిగులుతుంది, మూటల వాసన తప్పుతుంది అన్నాడు. "నీ తల పైన మూరెడు గాలి ఉంటాది వదినె. గాలికి బాడిగ ఇస్తావా?"

"ఇస్తాను" అన్నాను. "ముడి వేసినాను. విప్పను, కత్తిరించను."

కుప్పణ్ణ మా ఇద్దరినీ చూసి "మీ కొట్లాట ఇంటికి పోయి పెట్టుకోండి. ఏ పొద్దు రావాలో అది చెప్పండి" అన్నాడు.

పండగ ముందురోజు తెల్లవారి అయిదింటికి వచ్చాడు. మొదటి సంగు ఇంకా ఊదలేదు. చెప్పకుండానే లోపల కడిగి, నేల మీద పీచు చాపలు పరిచి, కప్పు దూలానికి కొబ్బరి తాడు కట్టి వేలాడదీశాడు పట్టుకోవడానికి. పందిరి కింద కరగం ఎత్తుకున్నాను. ఇద్దరు పైన చీర పట్టుకున్నారు. ఇంటి ముందు నుంచి వ్యాన్‌లోకి ఏటవాలుగా పలక వేశారు. తల వంచకుండా నడిచి ఎక్కాను. మీరు కూడా పలక మరిచిపోకండి. మెట్టు ఎక్కేటప్పుడు ఎంతటివాళ్ళైనా తల వంచుతారు.

దారి ఇది: పొల్లాచ్చి, ఉడుమలై, పళని, ఒట్టన్‌చత్రం, దిండుక్కల్, మదురై, తిరుమంగళం. పల్లడం, ధారాపురం మీదుగా కూడా పోవచ్చు, కానీ అప్పట్లో ఆ దారిలో గుంతలు ఎక్కువ. ఉడుమలైలో ఏడున్నరకు టిఫిన్‌కు ఆపాడు. బస్టాండు ఎదురుగా చిన్న కొట్టు, ఇడ్లీ మెత్తగా ఉంటుందంట, సాంబారు వేడిగా ఉంటుందంట. నాకు వాసన మాత్రమే వచ్చింది, అదీ ఎండుకొబ్బరి వాసన దాటుకుని. అందరూ దిగి తిన్నారు. నేను తాడు పట్టుకుని నిలబడి ఉన్నాను. గోవిందసామి వెనక తలుపు దగ్గరకు వచ్చి "చట్నీ చాలా బాగుండాది వదినె" అని చెప్పిపోయాడు. ఉపవాసం ఉన్న మనిషికి చెప్పే మాటనా అది?

పళని దగ్గర అందరూ కిటికీకి చేరి దండాలు పెట్టుకున్నారు. "మా, కొండ ఎంత బాగా కనపడతా ఉండాదో!" అంది సరోజ. నాకు కనపడుతున్నది కప్పు రేకు, దాని తుప్పు. మెడ తిప్పితే కాయ కదులుతుంది. కొండ ఆ పక్క, నేను ఈ పక్క. అక్కడికి మెడలో నరాలు తీగల్లా బిగుసుకుపోయాయి. ప్రయాణం రాయమంటున్నారు గాని, నిజం చెప్పాలంటే ఆ దారిలో నేను ఏమీ చూడలేదు. చెవులతో పోయాను.

చెవులకు మాత్రం విశ్రాంతి లేదు. గోవిందసామి ముందు కూర్చుని కుప్పణ్ణకు వ్యాన్ తోలడం నేర్పిస్తున్నాడు.

"మామా, మూడో గేరు వేయండి."

"నీ మిల్లులో నేను వచ్చి దారం వడికితే ఒప్పుకుంటావా మాప్పిళ్ళై?"

"అది కాదు మామా, ఈ వాసనకు పొట్ట తిప్పతా ఉండాది. ఇంత ఎత్తు వ్యాన్, సగం ఖాళీ. గాలికి బాడిగ ఇచ్చి వాసన కొనుక్కున్నాము."

"వాసన పడకపోతే దిగి నడువు. మీ తాతలు నడిచినారు కదా."

ఆ మాటకు బదులు చెప్పడానికి గోవిందసామి, అది వినడానికి కుప్పణ్ణ ఒకరి వైపు ఒకరు తిరిగారు. ఎదురుగా రైల్వే గేటు తెరిచి ఉంది. పట్టాల దగ్గర తారు లేచిపోయి గుంత పడి ఉందని ఇద్దరూ చూడలేదు.

వ్యాన్ ముందు చక్రాలు పడి లేచాయి. వెనక చక్రాలు ఎగిరాయి. నా కాళ్ళ కింద నేల లేకుండా పోయింది. నేను లేచాను, నాతో కరగం లేచింది, నా తలను కూడా వదిలి ఇంకా జానెడు పైకి లేచింది. తల మీది చుట్టకుదురు మీద బరువు లేదు. ఆ క్షణం నాకు చెంబు లేదు, మొక్కు లేదు, ఏమీ లేదు. సరోజ కేక వినపడింది. పై నుంచి రేకు తగిలిన చప్పుడు వస్తుందని చెవులు పెట్టుకుని ఉన్నాను.

చప్పుడు రాలేదు. కాళ్ళు చాప మీద పడ్డాయి, తల మీద చెంబు పడింది. తాడు వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాను. నీళ్ళు తొణికి నా భుజం మీదుగా జారాయి. నీళ్ళు తొణికితే తప్పు లేదు, దేవత చల్లిందంటారు. కాయ కదల్లేదు. మండ ఒక్క ఆకు రాల్చలేదు.

కుప్పణ్ణ పక్కకు ఆపి, దిగి, వెనక తలుపు తెరిచాడు. ముఖంలో రక్తం లేదు. కరగాన్ని చూశాడు, దాని పైన మిగిలిన చోటు చూశాడు. గోవిందసామి చెప్పిన నాలుగు వేళ్ళు చేతిని అడ్డంగా పెట్టి కొలిచి, తల ఊపాడు. ఆ పరుపు సీట్ల వ్యాన్ అయివుంటే కాయ కప్పుకు తగిలి ఉండేది.

"మీ పిల్లోడి కొలత మంచి కొలత తాయీ" అని తలుపు వేశాడు.

దిండుక్కల్ దాకా గోవిందసామి నోరు తెరవలేదు. ఆ మూడు వారాల్లో అతను నాకు చేసిన మొదటి ఉపకారం అది. దిండుక్కల్‌లో ఆపితే టీ కూడా తాగలేదు. వెనక్కి వచ్చి నా కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని, రెండు చేతులతో నా మడమలు పట్టుకున్నాడు. "మళ్ళీ ఎగిరితే నిలబడేదానికి" అన్నాడు. తల వంచి చూడలేను కదా, గొంతును బట్టి ఏడుస్తున్నాడని తెలిసింది. పొట్టోడు పుట్టినప్పుడు పిడికెడు ఉన్నాడని మొదట అన్నది ఇతనే.

మదురైలో పదకొండున్నరకు గుంపులో ఇరుక్కుని గంటసేపు కదల్లేదు. మీరు పోతే ఊరి లోపలికి రాకుండా బయట దారి పట్టుకోండి, ఇప్పుడు మంచి రోడ్డు ఉందంటున్నారు. తిరుమంగళం దాటాక గాలి మారుతుంది. నల్లరేగడి మట్టి వాసన కొబ్బరి వాసనను తరిమేసింది. ఒంటిగంట దాటాక గుడి ముందు ఆపాడు. మళ్ళీ పలక, మళ్ళీ చీర నీడ, తల వంచకుండా దిగి లోపలికి పోయాను. పూజారి ఎదురు వచ్చి నిలబడ్డాడు.

"ఎవురి మొక్కు?"

"పొట్టోడిది."

"ఇంటి పిలుపు కాదమ్మా. పెద్ద పేరు చెప్పు."

"కృష్ణసామి" అన్నాను. ఆ పేరు మిల్లు గేటు దగ్గర తప్ప ఎవరూ పిలవగా వినలేదు నేను. పూజారి దాన్ని గట్టిగా దేవతకు వినపడేట్టు చెప్పి, నా తల మీద నుంచి కరగం దించాడు. గేటు దగ్గర పని దొరికినవాళ్ళను పిలిచినట్టే పిలిచాడు.

తల తేలికైపోయి నిలబడలేక గోడ పట్టుకున్నాను. చెంబు మెడకు చుట్టడానికి కొత్త నూలు అడిగాడు పూజారి. అన్నీ తెచ్చాము, అది మరిచిపోయాము. గోవిందసామి ఊరుకుంటాడా? "ఉండాది సామీ" అని నా నడుముకు చెక్కిన దారం మీద చెయ్యి వేశాడు. "చెయ్యి తీయి గోవిందూ!" అని నేను అరిచిన అరుపుకు గుడిలో పావురాలు లేచిపోయాయి. పోయి అంగడిలో కొనుక్కొచ్చాడు. తరువాత అరుగు మీద కూర్చోబెట్టి సజ్జ సంకటి, పుంటికూర పులుసు పెట్టారు. కూర్చోవడం అంత సుఖమని అంతకుముందు నాకు తెలియదు. మొదటి ముద్ద పక్కన పెట్టి, మిగతాది తిన్నాను. రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, సంగు లేదు, కుప్పణ్ణ లేడు. ఎత్తు వ్యాన్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. అయినా పోయిన పండగకు ఒకరి కాయ లోపలి దీపానికి తగిలింది. కప్పు ఎత్తు ఎంత అని అడుగుతారు గాని, ఆ దీపం ఎంత కిందికి దిగిందో, తలుపు ఎంత ఎత్తుందో, గుంతలో మనిషి ఎంత లేస్తాడో ఎవరూ చూడరు. చెప్పానా, గోడకు చెప్పినట్టే. నాకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? మా పొట్టోడు బతికినన్నాళ్ళూ వాడి పొడుగును అందరూ నవ్వారు, ఏ కప్పు కింద చూసినా వంగే నిలబడ్డాడు. ఆ ఒక్క వ్యాన్‌లో వాడికి వంగే పని లేకుండా పోయింది. ఆ ఖాళీ చోటుకు ఇచ్చిన బాడిగ గురించి నేను ఎప్పుడూ బాధపడలేదు.

కాబట్టి వ్యాన్ చూడబోయేవాళ్ళు ఇది ఒక్కటి చేయండి. మీ కొలత వద్దు, మా ఇంట్లో ఉన్న దారం తీసుకుపోండి. నిలబడే చోట దీపం కింద, తలుపు దగ్గర, రెండు చోట్లా పట్టి చూడండి. అది నిలబడిన వ్యాన్‌లో మీ కరగం క్షేమంగా చేరుతుంది. ఇప్పటికి ఎన్ని ఇళ్ళవాళ్ళు తీసుకుపోయారో, తిరిగి తెచ్చి ఇచ్చారు. ఒక మహానుభావుడు మాత్రం చిక్కుపడిందని ముడి విప్పి తెచ్చాడు. గోడ మీది గీతకు పట్టి మళ్ళీ వేసుకున్నాను. మీరు విప్పకండి. దారం కోసం వచ్చినప్పుడు తొందరలో ఉన్నామని గుమ్మంలోనే నిలబడకండి, లోపలికి రండి, అన్నం ఉంటుంది. లేచి తింటాం, వచ్చి తింటాం అనకండి. వేళకు కడుపునిండా తినండి.